పంతొమ్మిది ఒకట్లు

ఏ.ఎస్. రావు నగర్‌లో మ్యాచింగ్ సెంటర్ పక్క సందులోకి తిరిగితే కల్పలత కూర్చునే చోటు కనిపిస్తుంది. దుకాణం అంటే ఎక్కువవుతుంది. సగం షట్టరు, ఒక పీకో మిషను, గోడ మేకులకు వేలాడే క్యారీబ్యాగులు. ఒక్కో బ్యాగులో ఒక చీర, చీరకు పిన్నుతో గుచ్చిన చీటీ. ఫాల్ మాత్రం ఆమె మిషను మీద కుట్టదు, చేత్తోనే కుడుతుంది. బేగంపేటలో ఆఫీసు, సైనిక్‌పురిలో ఇల్లు ఉన్న నేను నాలుగేళ్లుగా నా చీరలన్నీ ఆమెకే ఇస్తున్నాను.

ఒక శనివారం నేను వెళ్లేసరికి ఆమె ముందున్న బల్ల మీద సుద్దతో అంకెలు రాసి ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి, చాలా వరుసలు. కొలతలనుకున్నాను. కానీ ఏ కొలతకూ ఆరేసి అంకెలుండవు. ఏమిటని అడిగితే గుడ్డపేలికతో తుడిచేసి, ఏం లేదు మేడం, గిట్లనే, అంది. ఇంకోసారి వెళ్లినప్పుడూ అంతే. మూడోసారి అడిగాక చెప్పింది. అంతా ఒక్కరోజున చెప్పలేదు. చీరలిచ్చినప్పుడు కొంత, తీసుకున్నప్పుడు కొంత. రెండేళ్లలో నాకు తెలిసినదంతా కలిపితే ఇదీ కథ.

కల్పలత సికింద్రాబాద్‌లో ఒక మహిళా కాలేజీలో తెలుగు మీడియం బీఎస్సీ చదివింది. తొంభై మూడులో చేరింది. మొదటిరోజే పక్కన వచ్చి కూర్చున్న అమ్మాయి సబీహా. సబీహా తండ్రి అజ్మత్ గారు రైల్వేలో గార్డు. వాళ్లది జనగామ వైపు, ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు. ఎక్కాలు మాత్రం సబీహా ఉర్దూలో చదివేది. ఏడారులు నలభై రెండు అని కల్పలత అనేలోపే ఆమె బయాలీస్ అనేసేది. ఎడమచేతి రాత. రాసేటప్పుడు మణికట్టు ఇంకుకు తగిలి ఎప్పుడూ నీలంగా ఉండేది.

లెక్కల లెక్చరర్ పురుషోత్తం సార్. రెండో ఏడాది వానాకాలంలో ఒకరోజు క్లాసుకు ఏడుగురే వచ్చారు. పాఠం చెప్పబుద్ధి కాలేదేమో, సార్ సుద్దముక్క తీసుకొని బోర్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకట్లు రాసుకుంటూ పోయారు. పంతొమ్మిది ఒకట్లు. ఇది ప్రధాన సంఖ్య, ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ విరగదు, అన్నారు.

ఆ తర్వాత ఆయన చెప్పిన మాటలు ఆమెకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. రెండు ఒకట్లు పక్కపక్కన పెడితే పదకొండు. అది విరగదు. మూడు ఒకట్లు పెడితే మూడు ముప్పై ఏళ్లుగా విరుగుతుంది. అయిదు ఒకట్లు పెడితే నలభై ఒకటి, రెండు వందల డెబ్బై ఒకటిగా విరుగుతుంది. ఏడు పెట్టినా అంతే, పదకొండు పెట్టినా అంతే, పదిహేడు పెట్టినా అంతే. పంతొమ్మిది దగ్గరకు వచ్చేసరికి మళ్లీ నిలబడుతుంది.

"మూడు ముప్పై ఏళ్లుగా" అని ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. మూడు ముప్పై ఏడులుగా అనబోయి ముప్పై ఏళ్లుగా అనేసింది. సరిచేసుకొని, ఏళ్లే నోట్లో తిరుగుతున్నయ్ మేడం, అని నవ్వింది.

సార్ ఇంకొకటి కూడా చెప్పారు. ఒకటిని ఆ సంఖ్యతో భాగిస్తే దశాంశ బిందువు తర్వాత పద్దెనిమిది సున్నాలు వస్తాయి, తర్వాత ఒక తొమ్మిది. మళ్లీ పద్దెనిమిది సున్నాలు, మళ్లీ తొమ్మిది. అట్లా ఎప్పటికీ. సరిగ్గా పంతొమ్మిది అంకెలకొకసారి తిరిగి మొదలయ్యే ప్రధాన సంఖ్య ఇదొక్కటే, ఇంకోటి లేదు, ఉండబోదు.

సబీహా లేచి, ఒక్కొక్కదానితో భాగించుకుంటూ పోయి ఎవరైనా చూశారా సార్ అని అడిగింది. అట్లా కాదు, వేరే దారిలో నిరూపించారు, అదీ డెబ్బై ఎనభై ఏళ్ల కిందటే, అన్నారాయన. ఒక్కొక్కటే చూడాలంటే ఎన్ని చూడాలి అని ఆమె వదల్లేదు. సార్ నవ్వి ఇంకో సంగతి చెప్పారు. దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉందనుకుంటే, ఆ భాగించే సంఖ్యను ముప్పై ఎనిమిదితో భాగించినప్పుడు ఒకటే మిగలాలి. అట్లాంటివే చూస్తే చాలు. అయినా దాదాపు ముప్పై లక్షలుంటాయి. రోజుకు రెండు చేసినా నాలుగు వేల ఏళ్లు పడుతుంది.

ఆ సాయంత్రం కాలేజీ వరండాలో వాన తగ్గేదాకా నిలబడ్డ ఇద్దరూ ఆ పని మొదలుపెట్టారు. ఎందుకని నేనడిగాను. సార్ చెప్పిండు, నమ్మినం. కానీ సార్ చెప్తే తెలుసుడు వేరు, మన చేతికి తగులుడు వేరు గద మేడం, అంది.

పద్ధతి సబీహా కనిపెట్టింది. అంత పెద్ద సంఖ్యను రాయనక్కర్లేదు. ఒకటితో మొదలుపెట్టాలి. పది రెట్లు చేసి ఒకటి కలపాలి. భాజకం కంటే పెద్దదైతే భాగించి శేషం మిగుల్చుకోవాలి. ఆ శేషాన్ని మళ్లీ పది రెట్లు చేసి ఒకటి కలపాలి. పంతొమ్మిదో వరుసలో మిగిలేదే జవాబు. అక్కడ సున్నా వస్తే సంఖ్య విరిగినట్టు. ముప్పై ఎనిమిదిని సరి సంఖ్యతో హెచ్చించి ఒకటి కలిపితే వచ్చేవి కల్పలత వాటా, బేసి సంఖ్యతో హెచ్చించి ఒకటి కలిపితే వచ్చేవి సబీహా వాటా. మొదటిది నూట తొంభై ఒకటి, అది సబీహాకు వచ్చింది. శేషం ఎనభై నాలుగు. తర్వాతది రెండు వందల ఇరవై తొమ్మిది, కల్పలతది. శేషం నూట ఎనభై. పొద్దున కాలేజీకి రాగానే బాగున్నావా అని కాదు, ఎంత మిగిలింది అని అడుక్కునేవాళ్లు.

ఆఖరి ఏడాది మధ్యలో అజ్మత్ గారికి గుంతకల్లు బదిలీ అయింది. సబీహా వెళ్లిపోయింది. మిగతా చదువు అక్కడే పూర్తి చేసింది. వారానికో పోస్టుకార్డు వచ్చేది. కార్డులో పైన "ప్రియమైన లతా" అని ఒక వరుస, కింద "నీ సబీ" అని ఒక వరుస, మధ్యలో అంతా భాజకాలూ శేషాలూ. ఎట్లున్నవని ఒక్కసారి కూడా రాయలేదు. కల్పలతా రాయలేదు. రాసే చోటు ఉండేది కాదు.

తొంభై ఏడులో సబీహా పెళ్లయింది. ఆ తర్వాత రెండు కార్డులు వచ్చాయి. తర్వాత రాలేదు. కల్పలత నాలుగు రాసింది. అయిదోది రాసి పోస్టు చేయలేదు. ఎమ్మెస్సీ ప్రవేశపరీక్షలో సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. మరుసటేడు మళ్లీ రాద్దామనుకుంది గానీ ఆలోపు తిరుమల్‌తో పెళ్లయింది. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. మంచి మనిషి. ఇంట్లో పొడుగాటి నోటుబుక్కుల కట్ట ఒకటుందని ఆయనకు తెలుసు. యాప్రాల్‌కు ఇల్లు మారినప్పుడు గ్యాసుబండ కంటే ముందు దాన్నే ఆటోలో పెట్టించాడు. అందులో ఏముందని ఎన్నడూ అడగలేదు. అడిగుంటే బాగుండునని ఆమెకు కొన్నిసార్లు అనిపించేది.

ఆమె భాగహారాలు ఆపలేదు. వారానికి ఒకటో రెండో. కూతురు నవత పుట్టిన ఏడాది ఒక్కటీ లేదు. అత్తగారు మంచంపట్టిన రెండేళ్లలో మూడో నాలుగో. ఫాల్ కుట్టేటప్పుడు చేతులు వాటి దారిన అవి పోతుంటే ఆమె పెదవులు పది రెట్లు చేసి ఒకటి కలుపుకునేవి. మొత్తం పదిహేను వందలు దాటాయి. భాజకాలు ఏడు లక్షల దాకా వచ్చాయి. అన్నీ తన సరి వాటాలోవే. బేసివాటిని ఆమె ముట్టుకోలేదు. అవి సబీహావి.

నవత ఇంజనీరింగులో చేరాక ఒకరోజు ఆ పుస్తకాలు తిరగేసి, ఇది కంప్యూటర్లో సెకను కూడా పట్టదమ్మా అంది. చూపిస్తానని ఫోను తీసింది. కల్పలత ఆ ఫోను బోర్లా పెట్టి, ఏ సంఖ్యలు చూడాల్నో ఆ లిస్టు మాత్రం ప్రింటు తీసుకురా, భాగించేది నేను భాగిస్త, అంది. నవత అమ్మ మొహం చూసింది. మరునాడు లిస్టు తెచ్చింది. సరి, బేసి అని వేరు చేయకుండా అన్నీ ఉన్నాయందులో. కల్పలత కూర్చొని బేసివాటన్నిటి మీదా పెన్సిలుతో సన్నగా గీత కొట్టుకుంది.

పోయిన మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి, సందులో మనిషి లేని వేళ, పంతొమ్మిదో వరుసలో సున్నా వచ్చింది.

ఆమె సూది చీరకు గుచ్చి పక్కన పెట్టింది. నీళ్లు తాగింది. సున్నా రాకూడదు. రాదని నిరూపించి నూరేళ్లు దాటింది. ఎక్కడో తప్పు పోయింది. మళ్లీ మొదటి నుంచి చేస్తే పావుగంటలో దొరుకుతుంది. నవతకు ఫోన్ చేస్తే అంతసేపు కూడా పట్టదు. ఆమె రెండూ చేయలేదు. కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది.

"తప్పని నాకు తెలుసు మేడం," అని నాతో చెప్పింది. "కానీ సరిచూస్తే సున్నా పోతది. అది పోతే సబీకి ఫోన్ జేసెతందుకు నాకింక ఏముంది?"

ఇన్నేళ్లలో వెతకలేదా అంటే, వెతికింది. ఫేస్‌బుక్కులో సబీహాలు వందలున్నారు. సగం మందికి మొహం బదులు పువ్వు బొమ్మ. మెట్టుగూడలో సబీహా పిన్ని చాంద్‌బీ ఇల్లు ఆమెకు తెలుసు. కాలేజీ రోజుల్లో అక్కడ ఎన్నోసార్లు తిన్నది. ఇన్నేళ్లలో బస్సులో ఆ ఇంటి ముందు నుంచి చాలాసార్లు పోయింది, దిగలేదు. ఉత్తరాలు ఆపింది సబీహా. పోయి అడిగితే, ఎందుకు ఆపినవని నిలదీసినట్టుంటుంది. ఇప్పుడట్లా కాదు. ఇప్పుడు చెప్పాల్సిన సంగతి ఒకటి చేతిలో ఉంది.

మరునాడు పొద్దున దుకాణం తీయకుండా మెట్టుగూడ వెళ్లింది. చాంద్‌బీకి ఎనభై దాటాయి. చూపు తగ్గింది. తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని దగ్గరకు పిలిచి, మొహం చేత్తో తడిమి చూసి, లెక్కల పిల్లవు కాదా నువ్వు, అంది. కల్పలతకు అక్కడే ఏడుపొచ్చింది. సబీహా గుంతకల్లులోనే ఉంది, భర్తకు కరెంటు సామాన్ల దుకాణముంది, ఇద్దరు కొడుకులు, అత్తగారి బాగోగులన్నీ తనవే అని చాంద్‌బీ చెప్పింది. నంబరు గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. దాన్ని ఫోనులో ఎక్కించుకుని ఇంటికొచ్చేసింది.

ఆ రోజంతా ఫోను చేయలేదు. తర్వాతి రోజు పదకొండింటికి, దుకాణంలో కూర్చొని, షట్టరు ఇంకొంచెం కిందికి దించుకొని చేసింది. అవతలి గొంతు బొంగురుగా ఉంది. నేను లతను అంటే ఏ లత అంది. కాలేజీ లతను, అంది కల్పలత.

"మా లతనా?" అంది సబీహా.

పిల్లలెందరు, ఎక్కడుంటున్నవు, అమ్మ ఉందా, ఇట్లాంటివి అయిదు నిమిషాలు నడిచాయి. ఇద్దరికీ మాటలు తడబడ్డాయి. అప్పుడు కల్పలత పర్సులోంచి కాగితం తీసింది.

"సబీ, నాకు సున్నా వచ్చింది."

ఏం సున్నా అని సబీహా అడగలేదు.

"ఎంత మీద?"

కల్పలత ఆ ఆరంకెల సంఖ్య చెప్పింది. అవతల స్టూలు లాక్కున్న చప్పుడు వినిపించింది. చదువు, నిదానంగ చదువు, అంది సబీహా. కల్పలత ఒక్కో వరుస చదివింది. అవతల నోట్లో ఉర్దూ ఎక్కాలు సన్నగా నడుస్తున్నాయి. ఇరవై ఏడేళ్లుగా లెక్క ముట్టని మనిషికి మధ్యలో రెండుసార్లు ఊపిరి అందలేదు, మళ్లీ చెప్పమంది. పదమూడో వరుస దగ్గర ఆపింది.

"పైన చివర ఆరుందన్నవు. కిందికి సున్నా దించినవు. చూసుకో."

చూసుకుంది. ఆరే. తన ఆరు పైతోక సరిగా పడక సున్నాలా ఉంది. అక్కడి నుంచి చివరిదాకా ఇద్దరూ కలిసి ఫోనులోనే చేశారు. పంతొమ్మిదో వరుసలో ఏదో ఒక పెద్ద శేషం మిగిలింది. సంఖ్య విరగలేదు. అటువైపు ఎవరో పిలిచారు. మళ్లా చేస్తనే అని సబీహా పెట్టేసింది. కల్పలత ఆ రోజు మూడు చీరలకు ఫాల్ తిరగేసి కుట్టి విప్పుకుంది.

ఆగస్టులో సబీహా కాజీపేటలో ఒక పెళ్లికి వెళ్తూ సికింద్రాబాద్‌లో బండి మారింది. మధ్యలో నలభై నిమిషాలు. స్టేషను కొత్తగా కడుతున్నారు కదా, ఎటు చూసినా రేకులే. కల్పలత గంట ముందే వెళ్లి, ఏ దారి ఎటు తేలుతుందో తెలుసుకొని నిలబడింది. దిగిన మనిషి లావయింది, కళ్లద్దాలు వచ్చాయి. బుర్ఖాలో ఉన్న ఆమెను టీ కప్పు ఎడమచేత్తో అందుకునేదాకా కల్పలత పూర్తిగా గుర్తుపట్టలేకపోయింది.

బెంచీ మీద కూర్చున్నారు. మొదటి ఇరవై నిమిషాలు మోకాళ్ల నొప్పుల గురించీ పిల్లల గురించీ గడిచిపోయాయి. గడియారం చూసుకుంటూ ఇద్దరూ అవే మాట్లాడారు. తర్వాత సబీహా అసలు సంగతి ఎత్తింది. పెళ్లయిన కొత్తలో కల్పలత కార్డు ఒకటి బావగారి చేతిలో పడిందట. కార్డు నిండా అంకెలు. మట్కా నంబర్లనుకున్నారు. ఇవి ప్రధాన సంఖ్యలని ఆమె చెప్పబోయింది. చెప్పేకొద్దీ ఇంకా అనుమానం పెరిగింది. మళ్లీ అట్లాంటి కార్డు రావద్దన్నారు. ఆయన ఇప్పుడు లేడు, తిట్టుకోకు, అంది.

"అంకెలు లేకుండ రాయొచ్చు గదనే," అంది కల్పలత.

"కూసున్న లతా. కార్డు ముందర పెట్టుకొని రెండు మూడుసార్లు కూసున్న. అంకెలు లేకుండ నీకేం రాయాల్నో నాకు తెలియలే."

మైకులో ఏదో బండి గురించి చెబుతున్నారు. వాళ్లది కాదు. సబీహా కప్పు పక్కన పెట్టి, పెళ్లయిన ఏడాదే తను ఆపేశానని, ముప్పై మూడు వేల రెండు వందల ఎనభై తొమ్మిది తర్వాత ఒక్కటీ చేయలేదని చెప్పింది. అది సరి వాటాలోది, కల్పలతది. సబీహాకు ఎవరి వాటా ఏదో కూడా గుర్తులేదు. కల్పలత దిద్దలేదు.

"నువ్వెందుకాపలేదే ఇన్నేండ్లు?"

"నువ్వు ఆపినవని నాకెవరు చెప్పలే," అంది కల్పలత.

సబీహా ఆమె చెయ్యి పట్టుకొని బండి వచ్చేదాకా అట్లాగే కూర్చుంది. బండి వచ్చాక సంచులు ఎక్కించడం, సీటు వెతకడం, నీళ్ల సీసా అందించడం. కిటికీ దగ్గర నుంచి, రంజాన్‌కు తప్పకుండ వస్త, మీ ఇంట్ల రెండ్రోజులుంట, అంది. బండి కదిలింది. కల్పలత చివరి పెట్టె దాటేదాకా చూసి, వెంటనే వెళ్లలేక ఆ బెంచీ మీదే ఇంకో గంట కూర్చుంది. చూస్తే తగ్గుతదనుకున్న మేడం, తగ్గలే, అని నాతో అంది. పెద్దగా ఏమీ పోగొట్టుకోని మనిషిలా ఆ మాట మామూలుగా చెప్పి, నా చీర అంచు వెలుతురుకు పట్టి చూసింది.

ఆమెకు ఏం కావాలో నాకిప్పుడు కొంచెం అర్థమవుతుంది. సబీహా దొరికింది. బొంగురు గొంతుతో, కళ్లద్దాలతో, తన సంసారంతో దొరికింది. వానకు వరండాలో నిలబడి ఎంత మిగిలిందని అడిగిన పిల్ల మాత్రం ఎక్కడా లేదు. ఆ సంగతి కల్పలతకు నాకంటే బాగా తెలుసు. అయినా ఆ పిల్లను అడుగుతూనే ఉంది.

రంజాన్‌కు సబీహా రాలేదు. అత్తగారికి బాగాలేదట. కానీ శుక్రవారాల్లో మధ్యాహ్నం ఫోన్ చేస్తుంది. కొడుకు ఉద్యోగం, నవత పరీక్షలు, ఎండలు, ధరలు మాట్లాడుకుంటారు. ఒకసారి కల్పలత ఏదో శేషం సంగతి ఎత్తితే, అవి వద్దే లతా, ఇంకేమన్న చెప్పు, అందట సబీహా. విసుక్కొని కాదు. అలిసిపోయిన గొంతుతో. అప్పటి నుంచి ఎత్తడం లేదు. భాగహారాలు మాత్రం నడుస్తున్నాయి.

పోయిన శుక్రవారం ఆఫీసు నుంచి తొందరగా బయటపడి రెండు కాటన్ చీరలు ఇవ్వడానికి వెళ్లాను. మూడు దాటింది. ఫోను బల్ల మీద, కత్తెర పక్కన ఉంది. ఇవ్వాళ ఇంకా చేయలేదా అని అడిగాను. జుమ్మా కదా, ఇంటికి చుట్టాలొచ్చి ఉంటారు, అంది. చీటీ రాసి నా చీరలకు గుచ్చి, ఎప్పటికి కావాలని అడిగింది. తొందరేం లేదన్నాను. నేను సందు మలుపు తిరిగి వెనక్కి చూస్తే, ఆమె ఫోను చేతిలోకి తీసుకొని, మోగే గంట చప్పుడు సరిపోతుందో లేదో పెంచి చూసుకుంటోంది.